పేరు పెట్టి ఏడ్చిన పాట

ఆ చలికాలం ఆఖర్న నా చేతికి ఒక రబ్బరు ఇచ్చి, నలభై ఆరు ప్రతుల మీద రాసి ఉన్న ఒక మనిషి పేరు చెరిపెయ్యమన్నారు. ఇచ్చింది ఆబిదా మేడం, నా పై అధికారి, హైదరాబాదావిడ. కొత్త రబ్బరు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. "యల్లా, కానీ జెరూషా, గురువారంలోపు ఖతం చేసెయ్" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే నవంబరు నుంచి చెప్పుకురావాలి.

మాది పాలకొల్లు. మా నాన్న చర్చిలో క్వయర్ మాస్టారు. తోటి పిల్లలు పలక మీద అఆలు దిద్దుతుంటే నాచేత ఐదు గీతలు గీయించి వాటిమీద స్వరాలు పెట్టించినవాడు. ఆ విద్యే దోహాలో నాకు ఉద్యోగం ఇచ్చింది. ఒక ప్రైవేటు సంగీత సంస్థ, దానికో వాద్యబృందం, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో పాత భవనం. వెనక హాలు, కింది అంతస్తులో లైబ్రరీ, లైబ్రరీలో నేను. సంగీతకర్త రాసిన పెద్ద పుస్తకంలోంచి ఏ వాద్యం వాయించేది ఆ వాద్యానికి విడదీసి కంప్యూటర్లో కాపీ చేసి, ప్రతులు అచ్చు తీసి, రిహార్సల్‌కి స్టాండ్ల మీద పెట్టడం నా పని. ఈ పనిలో ఒకటే కట్టుబాటు. ప్రతుల మీద పెన్ను తగలకూడదు. ఏ గుర్తు పెట్టుకున్నా పెన్సిల్‌తోనే పెట్టాలి. ఎందుకంటే ఇక్కడ వాయించాక అవి పబ్లిషరు దగ్గరికి పోతాయి, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి, ఇంకో దేశానికి. మన గీతలు వాళ్ళకి అడ్డం రాకూడదు. ఏడేళ్ళలో నేను ఆ గదిలోకి ఒక్కనాడు పెన్ను తీసుకెళ్ళి ఎరగను.

ఆ ఏడు సంస్థకి పదేళ్ళు నిండుతున్నాయని అమెరికా నుంచి లోవెల్ హచిన్స్ గారిని పిలిపించి కొత్త సింఫనీ రాయించారు. ఆయన వస్తున్నారంటే నాకు నాలుగు రోజులు సరిగ్గా అన్నం సహించలేదు. అంత అభిమానం. ఆయనది ఒహాయోలో ఉక్కు మిల్లు ఉన్న ఊరు. తండ్రి ఆ మిల్లులోనే పనిచేసి, అందులోనే పోయాడు. హచిన్స్ గారికి పేరు తెచ్చిన మొదటి రచన అంతా ఆ మిల్లు చప్పుళ్ళే. సైరను, హాజరు గడియారం, రేకు మీద సుత్తి. చివర్లో వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఒక మనిషి నిలబడి మిల్లులో చనిపోయిన పందొమ్మిది మంది పేర్లు చదువుతాడు, అందులో పన్నెండోది ఆయన నాన్నది. నేను నర్సాపురంలో డిగ్రీ చదివే రోజుల్లో అది విని వెక్కి వెక్కి ఏడ్చాను. సంగీతం రాసేవాడంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

మనిషి కూడా అలాగే కనిపించాడు. అరవై దాటిన వయసు, నలిగిన చొక్కా. పెద్దవాళ్ళ భోజనాలు మానేసి స్టేజీ పనివాళ్ళ పక్కన మెట్ల మీద కూచుని పరోటా, కరక్ టీ లాగించేవాడు. జేబులో ఎప్పుడూ చిన్న రికార్డరు.

స్టేజీ మీద కుర్చీలు, స్టాండ్లు, డోళ్ళు సర్దే పని గజేందర్‌ది. జగిత్యాల దగ్గర పల్లె. మనుషుల్ని సప్లై చేసే కంపెనీ తరఫున మా హాలుకి వచ్చేవాడు. ముప్పై ఐదు, ముప్పై ఆరేళ్ళుంటాయి. మాట తక్కువ, పని శుభ్రం. ఒకరోజు పొద్దున్నే నేను ప్రతులు పట్టుకుని స్టేజీ మీదికి వెళ్ళేసరికి కుర్చీలు వేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మాటల్లేవు, ఒట్టి రాగమే. పైనెక్కడో మొదలై, మెలికలు తిరిగి, చివర్లో నాలుగు స్వరాలు మెట్లు దిగినట్టు దిగి ఆగిపోతుంది. మళ్ళీ మొదలు. నేను చూసేసరికే హచిన్స్ గారు హాల్లో మూడో వరసలో కూచుని, రికార్డరు ఆన్ చేసి కళ్ళు మూసుకున్నారు.

"అదేం పాటో అడుగు జెరూషా" అన్నారు.

అడిగాను. గజేందర్ చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని బిగుసుకుపోయాడు.

"ఏం లేదు మేడం. మా దిక్కు పాట."

"ఏ పాట? ఎప్పుడు పాడతారు?"

కుర్చీ వంక చూశాడు, నా వంక చూశాడు. "నాట్లేసేటప్పుడు" అన్నాడు. "ఆడోళ్ళు పాడుతరు. మాటలు యాదికి లెవ్వు."

అంతే. నేను చీటీ రాసి ఇచ్చాను: నాట్ల పాట, తెలంగాణ జానపదం, కర్త తెలియదు. మా నాన్న కూడా ఎవరు కట్టారో తెలియని పాట కింద ఇలాగే రాసేవాడు. చేతికి అదే అలవాటు. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నా సొమ్మేం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు. అడగలేదు.

హచిన్స్ గారు ఆ చీటీ పట్టుకుని పొంగిపోయారు. నెల తిరిగేసరికి ఆ రాగం సింఫనీ అంతా పరుచుకుంది. చివరి భాగం మొత్తం నాట్ల పండగ. ఆ దిగే నాలుగు స్వరాలు మూడు ట్రంపెట్లకిచ్చి, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా ఊదమని రాశారు. ఊదడం ఆలస్యం, వెనక నిలబడ్డ నలభై మంది బడి పిల్లలు తాళం వేస్తూ చప్పట్లు కొడతారు. వినడానికి బాగుందా అంటే బాగానే ఉంది, అబద్ధమెందుకు. కాపీ చేస్తూ నేను కూడా కాలితో తాళం వేశాను.

జనవరిలో పిల్లలతో కలిపి మొదటి రిహార్సల్. నేను స్టేజీ పక్కన నిలబడ్డాను, గజేందర్ డోళ్ళ వెనక. ట్రంపెట్లు ఊదాయి, పిల్లలు చప్పట్లు అందుకున్నారు. మూడోసారి అయ్యేసరికి గజేందర్ కనపడలేదు. వెళ్ళి చూస్తే డోళ్ళ వెనక నేల మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. వడదెబ్బ తిన్నవాడిలా ఉంది మొహం. బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూచోబెట్టి నీళ్ళిచ్చాను.

"మేడం, గది నాట్ల పాట గాదు" అన్నాడు.

"మరేంటి?"

"మా అన్న సచ్చిపోతె మా అవ్వ ఏడ్సిన ఏడుపు."

అవ్వంటే వాళ్ళమ్మ. అన్న పేరు జలంధర్. ఇద్దరూ ఇక్కడే పనిచేసేవాళ్ళు, వేరువేరు సైట్లు. మూడేళ్ళ కిందట ఎండాకాలంలో జలంధర్ డ్యూటీ నుంచి వచ్చి క్యాంపులో పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. శవపెట్టె ఇంటికి పోయింది. తమ్ముడికి మాత్రం సెలవు దొరకలేదు.

"మా శోభ, నా భార్య, ఫోను తీసి పెట్టె కాడ వట్టుకున్నది. అవ్వ ఏడుసుడు నేను క్యాంపుల ఇన్న. అన్న చిన్నప్పటి ముచ్చట్లన్ని రాగం తీసి చెప్పుకుంట ఏడ్సింది. ఆఖరికి పేరు వెట్టి పిలుస్తది. జలంధరా అని." ఆ పేరు పలికినప్పుడు ఆ నాలుగు స్వరాలే దిగాయి. "గట్ల పిల్సినంక ఎవలు మాట్లాడరు మేడం. జరసేపు సప్పుడు జెయ్యకుంట ఉంటరు. పల్కుతడేమోనని."

"మరి నాట్ల పాటని ఎందుకు చెప్పావు గజేందర్?"

"సావు ఏడుపు ఊకె తియ్యద్దు. తీస్తె ఇంకో సావు అస్తదంటరు మా దిక్కు. నేను ఒక్కన్నే ఉన్నప్పుడు నోట్లకు అదే అస్తది, ఏం జెయ్యాలె. పెద్దసారు అడిగేసరికి బుగులైంది. డ్యూటీల సావు పాట పాడినవా అంటరని. నాట్ల పాటంటె అయిపాయె అనుకున్న." మొహం తుడుచుకున్నాడు. "మూడు బూరలు వెట్టి మా అన్నను పిలువవట్టిరి. పిల్సి చప్పట్లు గొట్టవట్టిరి. గా చప్పట్లు తీసెయ్యమనున్రి మేడం. ఇంకేమద్దు నాకు. అవ్వ పేరు యాడనన్న ఓ మూలకు రాస్తె మంచిది. రాములవ్వ."

ఆ రోజు అల్ మన్సూరాలో మా ఫ్లాట్‌కి వెళ్ళి సైలస్‌కి చెప్పాను. సైలస్ మా ఆయన, ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. మా సంస్థ కొత్త భవనం గీస్తున్నది వాళ్ళ కంపెనీయే, అందుకని ఆయనకి భయం.

"చెప్పు, తప్పులేదు. వింటే వింటారు, లేకపోతే ఊరుకో" అన్నాడు. "వాళ్ళతో పెట్టుకుంటే నీ ఉద్యోగంతో పోదే జెరూషా, నా మెడకి కూడా చుట్టుకుంటుంది."

"చీటీ రాసింది నేనండీ."

"తెలియక రాశావు."

"ఇప్పుడు తెలిసింది కదా."

ఆయన అన్నం కలుపుతూ తల దించుకున్నాడు.

నేను వెళ్ళి చెబితే హచిన్స్ గారు మాత్రం శ్రద్ధగా విన్నారు, అది చెప్పాలి. కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. నాలుగు స్వరాలు పియానో మీద మెల్లగా వాయించి, "ఇది పేరా" అన్నారు. ఆయనలో మా నాన్నే కనిపించాడు ఆ క్షణంలో. ఆఫీసుతో మాట్లాడతానన్నారు. నేను గజేందర్‌కి కబురు కూడా చెప్పేశాను, అన్నీ సర్దుకుంటాయని. నా నోరు పడిపోను.

మర్నాడు ఆయన మొహం వేరేగా ఉంది.

"ఇది పండగ జెరూషా. పిల్లల తల్లిదండ్రులు వస్తారు, పెద్దలు వస్తారు. చావు ప్రస్తావన వద్దంటున్నారు. కార్యక్రమం పుస్తకం కూడా అచ్చుకి వెళ్ళిపోయిందట."

"పుస్తకం సంగతి సరే సార్. చప్పట్లు మీ చేతిలో ఉన్నవే కదా. ఒక్క నిమిషం నిశ్శబ్దం రాయండి."

"చప్పట్లు తీసేస్తే ఆ భాగం కూలిపోతుంది. రెండు నెలల పని."

"ఒహాయోలో వాద్యాలన్నీ ఆపేసి పందొమ్మిది పేర్లు చదివించారు మీరు."

"అది నా ఊరు" అన్నాడు. "అక్కడ కోపం తెచ్చుకునే హక్కు నాకుంది. ఇక్కడ నేను అతిథిని."

అతిథి అట. పిలిపించి, విమానం ఎక్కించి, సముద్రం కనపడే గదిలో పెడితే అతిథి. మరి ఇక్కడికే వచ్చి, ఇక్కడే పనిచేసి, ఇక్కడే కన్నుమూసినవాడు ఏమవుతాడు? పైగా పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు, సంగీతానికి ఊరూ పేరూ ఉండవని. ఊరూ పేరూ లేని ఆ సంగీతం అట్ట మీద లోవెల్ హచిన్స్ అని బొటనవేలంత అక్షరాలున్నాయి. వాటి సైజు ఇంకాస్త పెంచమని కిందటి వారం చెప్పింది ఆయనే. ఆ రోజు నుంచి నా నోట ఆయన పేరు పక్కన గారు రాలేదు.

నేను ఇవతలికి వచ్చి పెన్సిల్ చెక్కుకున్నాను. నలభై ఆరు ప్రతులు. చివరి భాగం మొదలయ్యే చోట, పైన, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశాను: రాములవ్వ, కొడుకు జలంధర్ కోసం. ఆ నాలుగు స్వరాలు ఎక్కడెక్కడ వచ్చాయో అక్కడల్లా వాటి కింద నాలుగు అక్షరాలు విడదీసి పెట్టాను. జ. లం. ధ. రా. పాటకి కింద సాహిత్యం రాసినట్టు. రెండు రోజులు పట్టింది.

కచేరీ రోజు మధ్యాహ్నం ఆఖరి రిహార్సల్‌లో మొదటి ట్రంపెట్ ముసలాయన, బల్గేరియా మనిషి, నన్ను పిలిచి ప్రతి మీద వేలు పెట్టాడు. "ఇదేంటి?"

"ఒక మనిషి పేరు. చనిపోయాడు. మీకు కుర్చీ వేసిన గజేందర్ వాళ్ళ అన్న."

ఆయన వెనక్కి తిరిగి గజేందర్‌ని చూశాడు. పక్క ఇద్దరితో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. అత్తరు వాసనలు, పూలు, కెమెరాలు. హచిన్సే ఎదుట నిలబడి, చేతులు ఆడిస్తూ బృందాన్ని నడిపించాడు. చివరి భాగం వచ్చింది. ఆ చోటు వచ్చింది. ట్రంపెట్ ముసలాయన గట్టిగా ఊదలేదు. మెల్లగా, పక్క గదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు ఊదాడు. మిగిలిన ఇద్దరూ అంతే. హచిన్స్ చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. చెయ్యి దించకపోతే పిల్లలు చప్పట్లు కొట్టరు. ఆయన దించకుండా ఉంటే చాలు, ఒక్క రెండు క్షణాలు.

దించాడు. పిల్లలు నేర్పినట్టే చప్పట్లు కొట్టారు, వాళ్ళదేం తప్పు. జనం కూడా సరదాపడి వాళ్ళతో కలిసి తాళం వేశారు. గజేందర్ నా పక్కనే నిలబడి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నేల చూశాడు.

శుక్రవారం గజేందర్‌ని మా ఇంటికి భోజనానికి పిలిచాను. సైలస్‌కి ఇష్టం లేదేమో అనుకున్నాను గానీ ఆయనే పొద్దున్నే వెళ్ళి చేపలు తెచ్చాడు. తిన్నాక గజేందర్ ఇంటికి వీడియో కాల్ చేశాడు. రాములవ్వ కనిపించింది. నుదురంతా ముడతలు, ఒక చెవికే కమ్మ.

"అవ్వా, నీ ఏడుపు పెద్ద బూరలతోటి వాయించిండ్రే" అన్నాడు, సంగతంతా ముందే చెప్పి ఉన్నాడు. కచేరీలో ఫోన్‌తో తీసుకున్నది వినిపించాడు.

ఆవిడ చెవి ఫోన్‌కి ఆనించి విన్నది. ట్రంపెట్లు వచ్చాయి.

"అగో, పిల్సిండ్రు" అన్నది. "మంచిగ పిల్సిండ్రు బిడ్డా. దుబాయ్‌ల గూడ నా కొడుకును మంచిగ పిల్సిండ్రు." ఆవిడకి గల్ఫ్ అంతా దుబాయే. అంతలో చప్పట్లు వచ్చాయి. ఆవిడ ఫోన్ చెవి నుంచి తీసి చూసింది. "గీ చప్పట్లేందిరా" అని అడిగింది. "పల్కిండనా?"

గజేందర్ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. సైలస్ ఎంగిలి కంచాలు తీసుకుని వంటింట్లోకి నడిచాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది గానీ కంచాలు కడిగిన చప్పుడు వినిపించలేదు.

ఆదివారం ఆబిదా మేడం రబ్బరు ఇచ్చింది. పబ్లిషరుకి ప్రతులు శుభ్రంగా వెళ్ళాలని, వచ్చే నెల ఇంకో దేశంలో ఇదే సింఫనీ ఉందని, ఈ రాతలు చెరిపించమని హచిన్సే అడిగాడని చెప్పింది.

"ఆయనే అడిగారా మేడం?"

"ఔనమ్మా. నాక్కూడా మనసుకి బాగ లేదు. కానీ ఏం చేస్తాం, ఆర్డర్ ఆర్డరే. పెన్సిలే కదా, రుద్దితే పోతది."

పెన్సిలే కదా. ఆ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది. సైలస్‌కి చెప్పాను, ఏమీ దాచకుండా. ఆయన లేచి బీరువా పైనుంచి ఒక రేకు డబ్బా దింపాడు. కంప్యూటర్లు రాకముందు ఆయన బొమ్మలు గీసిన సిరా పెన్నులు. నాలుగూ ఎండిపోయాయి. ఒకదాన్ని వేణ్ణీళ్ళలో కడిగి, సిరా పోసి, పాత కాగితం మీద గీత గీసి చూశాడు.

"దీంతో గీస్తే బ్లేడు పెట్టి గీకాల్సిందే" అన్నాడు. "గీకితే కాగితం చిరుగుతుంది."

"మీ కంపెనీ?"

"చూద్దాంలే" అన్నాడు.

ఆ వారమే నా ఉద్యోగం పోయింది. సైలస్‌ని ఆ భవనం పనిలోంచి తప్పించి ఎక్కడో దూరం సైటుకి వేశారు. ఎండలు ముదిరేసరికి మేం ఊరి చివర అల్ వుకైర్‌కి మారాం. ఇప్పుడు నేను ముందు గదిలో పది మంది పిల్లలకి కీబోర్డు నేర్పుతున్నాను. ఇవన్నీ జరిగాయి, జరిగినందుకు నాకు బాధ లేదు. చెప్పాల్సింది బుధవారం సంగతి ఒక్కటే ఉంది.

బుధవారం పొద్దున్న లైబ్రరీ తలుపు తీసుకుని, ఏడేళ్ళలో మొదటిసారి ఆ బల్ల మీద పెన్ను పెట్టాను. రబ్బరు పక్కనే ఉంది. పెన్సిల్ అక్షరాల మీద సిరా దిద్దుకుంటూ వచ్చాను, మా నాన్న నాచేత దిద్దించినట్టే. మధ్యాహ్నానికి నలభై అయ్యాయి. అప్పుడు హచిన్స్ వచ్చాడు, సామాను చక్రాల పెట్టె లాక్కుంటూ, వీడ్కోలు చెప్పడానికి. బల్ల మీద మొదటి ట్రంపెట్ ప్రతి ఆరుతోంది.

వంగి చూశాడు. "ఇది సిరా."

"అవును సార్."

"సిరాతో రాయకూడదు."

"తెలుసు సార్."

ఆ నాలుగు అక్షరాల మీదికి వేలు తీసుకెళ్ళి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. ఏదో అంటాడనుకున్నాను. వాళ్ళ నాన్న పన్నెండో పేరు గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను. గడియారం చూసుకున్నాడు. విమానానికి వేళయిందని వెళ్ళిపోయాడు. వెళుతూ ఆఫీసులో చెప్పే వెళ్ళాడు. అరగంటలో ఆబిదా మేడం నుంచి ఫోన్ మోగడం మొదలుపెట్టింది. నేను తియ్యలేదు. ఇంకా ఆరు ప్రతులున్నాయి.

ఆఖరి ప్రతి దగ్గరికి వచ్చేసరికి గజేందర్ లోపలికి వచ్చాడు. ప్రతులున్న పెట్టెలు కొరియర్ బండి దాకా మోసే డ్యూటీ అతనిదే.

"అవ్వ పేరు యాడ రాసిన్రు మేడం?"

చూపించాను. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వంగి, తెలుగు అక్షరాల మీద కళ్ళు నడిపిస్తూ కూడబలుక్కుని చదివాడు. "రాములవ్వ. కొడుకు జలంధర్ కోసం." తర్వాత కింద విడివిడిగా ఉన్న నాలుగు అక్షరాలు చూశాడు. వాటిని చదవలేదు. పిలిచాడు, వాళ్ళమ్మ పిలిచినట్టే.

బల్ల మీద ఫోన్ మళ్ళీ మోగింది. చెయ్యి చాచి దాని గొంతు నొక్కేశాను. సిరా ఇంకా తడిగానే ఉంది. ఆ పిలుపు తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. మేమిద్దరం మాట్లాడలేదు.